ఆర్థర్ అంటే అర్థమేంటి?

"మా ఆయన వాళ్ళ ముత్తాత పేరు మావయ్యా. మేమిద్దరం పెళ్ళికి ముందే అనుకున్నాం. అమ్మకి మాత్రం నువ్వే చెప్పాలి" అంది మా మేనకోడలు ఫోన్లో. దానికి కొడుకు పుట్టి అప్పటికి పదిహేను రోజులు. ఉండేది ఇంగ్లండులో, లీడ్స్‌లో. మొగుడు అక్కడివాడే. ఆ పెళ్ళి కబురు కూడా మా అక్క చెవిన వేసింది నేనే కాబట్టి, ఇలాంటి పనుల్లో నాకు చెయ్యి తిరిగిందని దాని నమ్మకం.

పిల్లాడి పేరు ఆర్థర్.

మా అక్క రాజమండ్రిలో ఉంటుంది. సాయంత్రం కాఫీ తాగాక, మనిషి కాస్త నిమ్మళంగా ఉన్న సమయం చూసి చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అర్థం ఏమిటట?" అంది. "రేపు పేరంటంలో ఎవరైనా అడిగితే ఏం చెప్పనురా? ఏదో ఒకటి ఉండాలి కదా. కనుక్కో. మంచిదైతే అప్పుడు చూద్దాం."

కనుక్కోవడం ఎంతసేపు అనుకున్నాను. పది నిమిషాల పని మూడు వారాలు పట్టింది.

ముందు అందరూ చేసే పనే చేశాను. పిల్లల పేర్ల వెబ్‌సైట్లు తెరిచాను. ఒకటి ఎలుగుబంటి అంది. ఇంకొకటి గొప్ప వంశంవాడు అంది. మరొకటి రాయి అంది. ధైర్యవంతుడు అని ఇంకో చోట, కింద లక్కీ నంబరూ లక్కీ రంగూ కూడా ఇచ్చారు. ఎవరికీ అనుమానం అన్నది లేదు. అంత ధీమాగా నాలుగు రకాల జవాబులు చెప్తున్నారంటే ఏ ఒక్కరికీ తెలియదని అర్థం. ముప్పై మూడేళ్ళు బ్యాంకు కౌంటర్లో కూర్చున్నవాణ్ణి, ఆ మాత్రం పసిగట్టగలను.

నిజానికి ఈ పేరు ఎక్కడ పుట్టిందో భాషా పండితుల దగ్గరే తేలలేదు. రెండు పెద్ద వాదాలున్నాయి. వేల్స్ వాళ్ళ భాషలో ఆర్థ్ అంటే ఎలుగుబంటి. దానికి మగవాడు అనే అర్థమున్న మాట కలిస్తే ఆర్థర్, అంటే ఎలుగులాంటి మొనగాడు. వినడానికి బావుంది. అయితే పాత వెల్ష్ పద్యాల్లో ఈ పేరుకి ఏ ఏ మాటలతో ప్రాస కుదిర్చారో చూసినవాళ్ళు ఒక అభ్యంతరం లేవదీశారు. ఆ ప్రాసల ప్రకారం పేరు చివర ఉన్న అచ్చూ, ఆ మగవాడు అనే మాటలో ఉన్న అచ్చూ ఒకటి కాదు. అంత్యప్రాస దగ్గర దొంగ దొరికాడన్నమాట. చిన్నప్పుడు యతిప్రాసలు తప్పితే తొడపాశం పెట్టిన మా తెలుగు మాస్టారు గుర్తొచ్చారు.

రెండో వాదం రోమ్ వైపు నుంచి. ఆర్టోరియస్ అని రోమన్లలో ఒక వంశం పేరు ఉండేది. లూసియస్ ఆర్టోరియస్ కాస్టస్ అనే సైనికాధికారి గురించి చెక్కిన రాతి ఫలకం ఇప్పటి క్రొయేషియా తీరంలో దొరికింది. ఆయన చేసిన ఉద్యోగాల్లో రోమన్ల ఆరో లీజియన్‌లో ఒక పదవి కూడా ఉంది. బ్రిటన్‌లో ఆ సైన్యం మకాం యార్క్. మా మేనకోడలు ఇంటి నుంచి రైల్లో అరగంట. సరే, ఆర్థర్ ఆర్టోరియస్ నుంచే వచ్చిందనుకుందాం. మరి ఆర్టోరియస్ అంటే ఏమిటి? అదీ తేలలేదు. బావిలో నీళ్ళు కనపడలేదని ఇంకో బావిలోకి తొంగి చూసినట్టయింది.

అక్కకి ఇదంతా చెప్పలేను. "ఎలుగుబంటి కావచ్చు, కాకపోవచ్చు" అంటే ఫోన్ పెట్టేస్తుంది. కానీ ఆ రాత్రి నిద్ర పట్టక పడుకున్నప్పుడు వేరే ప్రశ్న పుట్టింది. అసలు పేరుకి అర్థం ఉండి తీరాలని మనకి ఎవరు చెప్పారు?

మా చిన్నప్పుడు బారసాలకి వెళ్ళిన ముసలమ్మలు అర్థం ఏమిటని అడగడం నేను వినలేదు. "ఎవరి పేరు పెట్టారే?" అని అడిగేవారు. తాత పేరు, నాయనమ్మ పేరు, ఇంటి దేవుడి పేరు, మొక్కుకున్న కొండ పేరు. అదీ జవాబు. నాది మా తాతగారి పేరు. మామగారి పేరు నోట పలకకూడదు కాబట్టి మా అమ్మ నన్ను ఒక్కనాడూ పేరు పెట్టి పిలవలేదు. నాన్నా అనేది, పెద్దోడా అనేది, కోపం వస్తే వెధవా అనేది. బళ్ళో చేర్చేదాకా నాకొక అసలు పేరుందని నాకు తెలీదు. పలకడానికే వీల్లేనంత గౌరవం ఉన్న పేరుని పసివాడి నెత్తిన పెట్టడం, మా ఇంట్లో పేరు పని అది. దానికి సంస్కృతంలో ఏదో అర్థం ఉందని పదో తరగతిలో తెలిసింది. అప్పటికి నాకూ పేరుకీ మధ్య సంగతులన్నీ తేలిపోయాయి.

ఇంకా ముందుకెళ్తాను. మన పెద్దవాళ్ళు కావాలనే చెడ్డ అర్థమున్న పేర్లు పెట్టారు. పుట్టిన బిడ్డలు దక్కకుండా పోతుంటే, తర్వాతి బిడ్డను పెంట మీద పడుకోబెట్టి తెచ్చుకుని పెంటయ్య అని పిలిచారు. ఎంగిలి విస్తరాకుల్లో దొర్లించి పుల్లయ్య అన్నారు, ఆడపిల్ల అయితే పుల్లమ్మ. మృత్యువుకి కూడా అక్కర్లేనిదిగా కనపడాలని. ఒకసారి పింఛను ఖాతా తెరవడానికి ఒక పెద్దాయన వచ్చాడు, వెంట మనవడు. ఫారం నింపుతూ పేరడిగితే మనవడు చుట్టూ చూసి, గొంతు తగ్గించి "పెంటయ్య సార్... పి. అయ్య అని రాయొచ్చా?" అన్నాడు. పెద్దాయనకి చెవులు బాగానే ఉన్నాయి. "మొత్తం రాయండి బాబూ. నాకు ముందు నలుగురు పోయారు. ఆ పేరుతోనే దక్కాను" అన్నాడు. కౌంటరు దగ్గర ఉన్న నలుగురూ తల తిప్పి చూశారు. నేను మొత్తం రాశాను.

ఆ మనవడి తరం ఇప్పుడు పిల్లల్ని కంటోంది. ఫోన్లో యాప్ తెరిచి, రెండు సంస్కృతాక్షరాలకి ఒక తోక అతికించి, పక్కన దేవుడి అంశ అనో ఉదయకిరణం అనో రాసి ఉంటే అది చూసి ఎంచుకుంటున్నారు. నిఘంటువులో ఆ మాట ఉందా అని చూసేవాళ్ళు తక్కువ. నేను పాతవాణ్ణి కాబట్టి ఇలా అంటున్నానని మా అబ్బాయి అంటాడు. కావచ్చు. వాడి కూతురి పేరు కూడా ఆ బాపతే, అందుకని ఈ వాక్యం దగ్గర ఆగుతాను.

ఆర్థర్ అనే పేరు బతికిన తీరు చూడండి. తొమ్మిదో శతాబ్దంలో, 830 ప్రాంతంలో లాటిన్‌లో రాసిన ఒక చరిత్ర, బ్రిటన్ పాత కథల్లో పెద్ద రాజుగా చెప్పుకునే ఆర్థర్ చేసిన పన్నెండు యుద్ధాల జాబితా ఇచ్చింది. అందులో అతను రాజు కూడా కాదు, యుద్ధాల్లో ముందు నడిచిన నాయకుడు. మరో మూడు వందల ఏళ్ళకి, 1136 ప్రాంతంలో, మన్మౌత్ జెఫ్రీ అనే ఆయన బ్రిటన్ రాజుల చరిత్ర అని ఒకటి రాసి ఆర్థర్‌ని చక్రవర్తిని చేసి కూర్చోబెట్టాడు. అక్కణ్ణుంచి యూరప్ అంతా ఆ కథే. 1184లో గ్లాస్టన్‌బరీ మఠం తగలబడింది. 1191లో అక్కడి సన్యాసులకి తమ ఆవరణలోనే ఆర్థర్ సమాధి దొరికింది. మఠం మళ్ళీ కట్టాలంటే డబ్బు కావాలి, జనం రావాలి. స్థలపురాణం అంటే ఏమిటో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

అంత పేరున్న రాజు పేరుతో ఇంగ్లండు గద్దె ఎక్కినవాడు మాత్రం ఇంతవరకు ఒక్కడూ లేడు. 1187లో పుట్టిన బ్రిటనీ ఆర్థర్‌కి రాజయ్యే హక్కుందని చాలామంది నమ్మారు. పినతండ్రి జాన్ చేతికి చిక్కి, 1203లో కనపడకుండా పోయాడు. ఏమయ్యాడో చెప్పక్కర్లేదు. తర్వాత 1485లో ఏడో హెన్రీ యుద్ధం గెలిచి కొత్తగా రాజయ్యాడు. వంశానికి పాత గౌరవం అద్దాలి. మరుసటి ఏడు కొడుకు పుడితే ఆర్థర్ అని పేరు పెట్టాడు. అదీ వించెస్టర్‌లో పుట్టేలా చూసుకుని మరీ. పాత కథల రాజధాని ఆ ఊరేనని అప్పట్లో నమ్మకం. ఆ పిల్లాడు పదిహేనేళ్ళకే, 1502లో జబ్బు చేసి పోయాడు. రాజ్యమూ, తర్వాత అతని భార్యా కూడా తమ్ముడికి దక్కాయి. ఆ తమ్ముడే ఎనిమిదో హెన్రీ. ఆ భార్యని వదిలించుకోవడానికే అతను రోమ్ చర్చితో తెగతెంపులు చేసుకున్నాడు. ఆ ఆర్థర్ బతికి ఉంటే ఇంగ్లండు మతం ఏమయ్యేదో ఊహించుకోవడం నాలాంటి రిటైరైనవాళ్ళకి మంచి కాలక్షేపం.

ఆర్థర్ బైబిల్లో లేడు. పేరున్న సెయింటూ కాడు. అందుకే బైబిలు పేర్ల కాలం వచ్చేసరికి ఈ పేరు పక్కకి జరిగింది. మనవైపు రాకపోవడానికీ కారణం అదే అనుకుంటాను. గోదావరి జిల్లాల క్రైస్తవ కుటుంబాల్లో జాన్, పీటర్, శామ్యూల్, డేవిడ్, యోహాను, పేతురు, పౌలు అందరూ ఉన్నారు. వాళ్ళ సంతకాలు లెక్కలేనన్ని సరిచూశాను. ఒక్క ఆర్థర్ ఖాతా కూడా నా చేతి మీదుగా తెరవలేదు.

ఇంగ్లండులో ఈ పేరుని మళ్ళీ లేపినవాళ్ళలో ముందు చెప్పాల్సింది ఆర్థర్ వెల్లెస్లీని. 1799లో శ్రీరంగపట్నం యుద్ధంలో ఉన్నాడు, 1803 సెప్టెంబరులో అస్సాయే దగ్గర మరాఠాలని ఓడించాడు, 1815లో వాటర్లూలో నెపోలియన్‌ని. అప్పటికే ఆయన వెల్లింగ్టన్ డ్యూక్. 1850 మే 1న, ఆయన 81వ పుట్టినరోజు నాడు, విక్టోరియా రాణికి మూడో కొడుకు పుట్టాడు. రాణి ముసలి డ్యూక్ పేరే పెట్టుకుంది, ఆయన్నే ఆ బిడ్డకి గాడ్‌ఫాదర్‌ని చేసింది. అర్థం చూసి కాదు. ఎవరి పేరు అని అడిగితే ఆవిడ దగ్గర జవాబుంది. మా ఊరి ముసలమ్మలు మెచ్చుకునే జవాబు.

ఇక్కడ ఒక చిత్రం. వెల్లెస్లీ పేరు మన దేశంలో నీలగిరుల్లో ఒక ఊరికి ఉంది, వెల్లింగ్టన్ అని. రాణిగారి ఆ కొడుకు పేరు ఢిల్లీ నడిబొడ్డున ఉంది, కన్నాట్ ప్లేస్ అని. కన్నాట్ డ్యూక్ అంటే ఆ ప్రిన్స్ ఆర్థరే. రెండు చోట్లా బిరుదు నిలబడింది, ఆర్థర్ మాయమైపోయాడు. మూడో ఆర్థర్ మనవాడు. కాటన్ దొర.

మా అక్కతో ఈ ముక్క అనగానే "ఏ కాటన్ దొర?" అంది. ధవళేశ్వరం ఆనకట్ట కాటన్ దొరే అన్నాను. "ఆయన పేరు కాటన్ కదరా!"

ఇది మా అక్క ఒక్కదాని పొరపాటు కాదు. బ్యారేజీ మీద సర్ ఆర్థర్ కాటన్ అని రాసే ఉంది. పుస్తకాల్లో ఉంది, విగ్రహాల కింద ఉంది. అయినా గోదావరి డెల్టాలో ఎవరి నోటా ఆర్థర్ అనే మాట రాదు. కాటన్ దొర, కాటన్ బాబు. పురోహితులు గోదావరి స్నానంలో ఆయన్ని తలుచుకునే శ్లోకంలో కూడా "కాటనుం తం భగీరథం" అనే ఉంటుంది. సంస్కృతంలో ద్వితీయా విభక్తి చేర్చుకున్న ఇంగ్లీషు పేరు నాకు తెలిసి అదొక్కటే. చేరింది ఆర్థర్‌కి కాదు, కాటన్‌కి.

ఎందుకంటే మనకి ముందు ఇంటిపేరు, చివర మనిషి పేరు. సర్ తీసేస్తే ఆర్థర్ కాటన్. తెలుగు చెవికి అది ఆర్థర్ వారి ఇంటి కాటన్ అనే వినపడుతుంది. దొరని పేరు పెట్టి ఆప్యాయంగా పిలుచుకుంటున్నామనుకుని నూట డెబ్భై ఏళ్ళుగా ఇంటిపేరుతో పిలుస్తున్నాం! పైగా అది పత్తికి సంబంధించిన మాట కూడా కాదు. పాత ఇంగ్లీషులో గుడిసెల దగ్గర అనే అర్థమున్న మాట నుంచి వచ్చిన ఊరి పేరు, ఊరి పేరు మీద వచ్చిన ఇంటిపేరు. మనలో సగం ఇంటిపేర్లు ఊళ్ళ పేర్లే కాబట్టి ఇందులో వింతేమీ లేదు. గుడిసెల వారి ఆర్థర్ గారు. 1803 మే 15న పుట్టాడు. అస్సాయే యుద్ధానికి ఇంకా నాలుగు నెలలుంది కాబట్టి వెల్లింగ్టన్ మోజులో పెట్టిన పేరు కాకపోవచ్చు. ధవళేశ్వరం దగ్గర పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. రాణిగారింట్లో చిన్న ఆర్థర్ పుట్టిన ఏడు మన ఆర్థర్ గోదావరి ఇసుకలో రాళ్ళు పేర్పిస్తున్నాడు. ముసలి ఆర్థర్ పోయింది 1852లోనే.

రాయలసీమలోనూ ఇదే జరిగింది. థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా దత్త మండలాలకి కలెక్టరు. 1827లో పత్తికొండ దగ్గర కలరాతో పోయాడు. ఆయన మీద అభిమానంతో అక్కడివాళ్ళు మగపిల్లలకి మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. థామసప్ప అని పెట్టలేదు. తెలుగు నిఘంటువు చేసిన దొర మనకి బ్రౌను, ఆయన్ని చార్లెస్ అంటే ఎవరూ ఉలకరు. ఇప్పటి ఇంగ్లండు రాజు మూడో చార్లెస్ పూర్తి పేరు చార్లెస్ ఫిలిప్ ఆర్థర్ జార్జ్. చార్లెస్ ఫిలిప్ అంటే బ్రౌను, ఆర్థర్ అంటే కాటన్. తెలుగువాళ్ళ ఇద్దరు దొరల పేర్లూ ఒక్క రాజు పేరులో ఉన్నాయి. పొద్దున కాఫీ వేళ ఇది తట్టి నాలో నేనే నవ్వుకున్నాను. 2022లో ఆయన కావాలనుకుంటే ఆర్థర్ రాజు కూడా అయ్యుండేవాడు, ఎందుకంటే గద్దె మీద వేరే పేరు పెట్టుకునే వీలుంది. ఆయన తాత ఆరో జార్జి అసలు పేరు ఆల్బర్ట్. ఆ ఇద్దరు రాకుమారుల తర్వాత మూడో ఆర్థర్ కూడా గద్దె ఎక్కకుండానే పోయాడన్నమాట, ఈసారి ఎవరూ చావకుండా.

ఇందులో బదులు తీరిన సంగతి కూడా ఉంది. మన పిల్లలు అమెరికా వెళ్ళగానే జరిగేదేమిటి? పాస్‌పోర్టు ఫారంలో సర్‌నేమ్ గడిలో ఏది రాయాలో తెలియక తారుమారు చేస్తారు. అక్కడ ఆఫీసులో చేరిన మొదటి రోజు వాళ్ళ మేనేజరు తాతల నాటి ఊరి పేరుతో "హాయ్" అంటాడు. బ్యాంకులో నా చివరి పదేళ్ళు ఈ తారుమారులు సరిచెయ్యడంతోనే గడిచాయి. పాస్‌పోర్టులో ఒకలా, ఆధార్‌లో ఒకలా, పాన్ కార్డులో పొడి అక్షరాలుగా. మనిషొక్కడే, పేర్లు మూడు. కౌంటరు అవతల నిలబడి "సార్, ఆ రెండూ నేనే సార్" అని బతిమాలిన కుర్రాళ్ళని తలుచుకుంటే, కాటన్ దొర ఇప్పుడు ఖాతా తెరవడానికి వస్తే ఏమయ్యేదో అనిపిస్తుంది. జనం తలుచుకునే పేరుకీ గుర్తింపు కార్డుకీ తేడా ఉంది, అఫిడవిట్ తెమ్మనేవాణ్ణి.

ఇక ఈ పేరు మోజు ఎక్కి దిగిన లెక్క. విక్టోరియా కాలం చివరికి ఇంగ్లండులో సందుకో ఆర్థర్. 1904లో ఇంగ్లండు, వేల్స్ మగపిల్లల పేర్లలో అయిదో స్థానం. అమెరికాలో 1880లోనే 14వ స్థానం, మరుసటి ఏడు చెస్టర్ ఆర్థర్ అధ్యక్షుడు కూడా అయ్యాడు. ఆయనకి మాత్రం అది నిజంగానే ఇంటిపేరు. 1920ల తర్వాత దిగడం మొదలైంది. నా వయసువాళ్ళు పుట్టేసరికి ఇంగ్లండులో ఆర్థర్ అంటే పైపు కాల్చుకునే తాత. ఏ తల్లీ పెట్టదు. మనకి సుబ్బారావు ఎలాగో అలాగ. మళ్ళీ 2018లో మొదటి పదిలోకి వచ్చేసింది, 1920ల తర్వాత అదే మొదటిసారి. 2020లో మూడో స్థానం. పీకీ బ్లైండర్స్ సీరియల్లో ఆర్థర్ అనే పాత్ర ఉండటం వల్లనేనని అక్కడి పత్రికలు రాశాయి. నేను ఆ సీరియల్ రెండు భాగాలు చూశాను. ఆ ఆర్థర్ తాగుతాడు, కొడతాడు, ఏడుస్తాడు. అతన్ని చూసి కొడుక్కి పేరు పెడతారంటే నాకు నమ్మబుద్ధి కాదు. మా అల్లుడు చెప్పిందే నాకు సబబుగా తోచింది. "నాన్న తరం పేర్లు పాతబడ్డట్టు ఉంటాయి. తాత తరం పేర్లు ముసలి వాసన వేస్తాయి. ముత్తాతని మేం చూడలేదు, ఫోటో ఒక్కటే ఉంది. అందుకే ఆ పేరు కొత్తగా ఉంది" అన్నాడు. వాడు ఇంగ్లీషులో అన్నాడు, తెలుగు నాది.

ఈ లెక్కన మన సుబ్బారావుకి ఇంకో నలభై ఏళ్ళలో మంచి రోజులు రావాలి. వస్తాయా? నాకు అనుమానమే. వాళ్ళ దగ్గర పేర్ల గంప చిన్నది. జాన్, విలియం, జార్జ్, ఆర్థర్ అంటూ పాతవే తిప్పి తిప్పి వాడుకోవాలి. మనం కొత్తవి కుట్టుకోవడం నేర్చుకున్నాం, పాతపెట్టె తెరిచే అవసరమే లేదు. పైగా విదేశాల్లో నోరు తిరగాలనే టెన్షన్ ఒకటి. అదీ కొత్తదేమీ కాదులెండి. 1788లో డాన్‌జిగ్‌లో ఒక వర్తకుడు కొడుక్కి ఆర్థర్ అని పెట్టాడు. జర్మన్‌లో, ఫ్రెంచిలో, ఇంగ్లీషులో ఒకే స్పెల్లింగు, వ్యాపారానికి అనువు అని. కొడుకు వ్యాపారం వదిలేసి తత్వవేత్త అయ్యాడు, ఆర్థర్ షోపెన్‌హవర్. ఎన్నారై తండ్రులు గమనించగలరు.

మూడు వారాల తర్వాత అక్క దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. ఇవన్నీ చెప్పలేదు. "అర్థం ఎలుగుబంటి అని చాలామంది అంటారక్కా" అన్నాను.

"ఎలుగుబంటా! పసివాడికి అదేం పేరురా!"

"జాంబవంతుడు ఎవరు?" అన్నాను.

ఇక్కడ నేను కాస్త మోసం చేశానని ఒప్పుకోవాలి. అర్థం చూడకూడదని ఇన్ని పేరాలు వాదించినవాణ్ణి, అవసరానికి అర్థాన్నే వాడుకున్నాను. కానీ అబద్ధం మాత్రం చెప్పలేదు. వెల్ష్ ఆర్థ్, గ్రీకు ఆర్క్టోస్, లాటిన్ ఉర్సుస్, సంస్కృతం ఋక్షము, నాలుగూ ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు. ఇందులో పండితులకి తగాదా లేదు. ఆ వెల్ష్ వాదమే నిజమైతే ఆర్థర్‌లో ఉన్నదీ మన ఋక్షమే. ఋక్షరాజు అంటే జాంబవంతుడు. ఇంకా ఉంది. గ్రీకులు ఆకాశంలో ఎలుగు అన్న చుక్కల్ని మనం సప్తర్షులు అంటాం. పూర్వం వాళ్ళని కూడా ఋక్షాలు అనేవారనీ, కృత్తికలు వాళ్ళ భార్యలనీ శతపథ బ్రాహ్మణం చెప్తోంది. ఆ ఎలుగు తోక పట్టుకుని కిందికి వస్తే మెరిసే చుక్కకి గ్రీకులు పెట్టిన పేరు ఆర్క్టరస్, ఎలుగుకి కాపలావాడు. అదే మన స్వాతి.

అక్క స్వాతి దగ్గర ఆగింది. పిల్లాడిది విశాఖ. పురోహితుడు తి, తూ, తే, తో అన్నాడట. స్వాతి అయి ఉంటే బావుండేదని కాసేపు బాధపడింది, స్వాతికి రూ, రే, రో, త కదా, ఆ అక్షరాలతో కూడా ఆర్థర్ రాదని గుర్తుచేశాను. చివరికి ఆర్థర్ తేజ అని రాజీ కుదిరింది. బారసాల వీడియో కాల్లో జరిగింది. అక్కడ పళ్ళెంలో బియ్యం పోసి, ఉంగరంతో మా అల్లుడు పేరు రాశాడు, తెలుగులో. మేనకోడలు వారం రోజులు నేర్పిందట. థ లో చుక్క మర్చిపోయాడు. ఆర్ధర్ అయింది. అక్క ఇక్కణ్ణుంచి కేకేసింది, "చుక్క, చుక్క పెట్టమనవే!"

తర్వాత పిల్లాడు ఏడుపందుకున్నాడు. అక్కడ ఎవరు ఎత్తుకున్నా ఊరుకోలేదు. అక్క ఫోన్ నా చేతిలోంచి లాక్కుని దగ్గరగా పెట్టుకుంది. ఏ జోలపాట పాడుతుందా అని చూస్తున్నాను. వినాయకచవితికి ఏటా చదివే కథలో, గుహలో జాంబవంతుడి బిడ్డకి ఉయ్యాల ఊపుతూ పాడే శ్లోకం ఎత్తుకుంది. సింహః ప్రసేనమవధీత్, సింహో జాంబవతా హతః. రెండో పాదం అయ్యేసరికి పిల్లాడు ఏడుపు ఆపి ఫోన్ వైపు చూశాడు. సుకుమారక మా రోదీః అంటూ అక్క మళ్ళీ మొదటికి వచ్చింది.